ముక్కుకు ముక్కు కట్టిన జోడు

సెండాయ్, జపాన్
14 మే 2023, ఆదివారం

కత్తెర, టేపులతో నేతగాళ్ళ వీధిని ఏకచ్ఛత్రంగా ఏలుతున్న మల్లేశ్వరి అక్క సన్నిధికి, తమ్ముడు సుధాకరుడు సాష్టాంగపడి చేసుకునే విన్నపం.

ఈ కాలంలో కాగితం మీద రాసి, దాన్ని ఫోటో తీసి వాట్సాప్‌లో పంపే వెర్రివాళ్ళు మనిద్దరమే ఉంటాం. కానీ నేరం మనది కాదు. ఫోన్ మోగగానే స్పీకర్ నొక్కే అలవాటు అమ్మది. "సెవికి పెట్టుకుంటే సగమే వినపడతాది" అంటుంది. మనింట్లో ఫోన్ మాట్లాడటమంటే బస్టాండులో మైకు పట్టుకోవడమే. కాబట్టి గుట్టుగా చెప్పాల్సినవన్నీ ఈ దారినే వస్తాయి. చదివి చెరిపెయ్.

చేరాను. టోక్యో నుంచి ఇక్కడికి ఆకుపచ్చ బుల్లెట్ రైల్లో వచ్చాను. పేరు హయబుసా, అంటే డేగ. ఒళ్ళో పెట్టుకున్న టీ కప్పు కదలలేదు. నేను మాత్రం వణికాను. ఎమ్మిగనూరులో పుట్టి రైళ్ళ పిచ్చి అంటించుకోవడమంటే బండరాళ్ళ మధ్య పుట్టి ఈత నేర్చుకోవడమే కదా. మన ఊరికి రైలు లేదు. గూడ్సు బండి చూడాలన్నా ఆదోని బస్సెక్కాలి. చిన్నప్పుడు నువ్వు చెయ్యి పట్టుకుని తీసుకుపోయి, ప్లాట్‌ఫారం మీద వేరుశనగకాయలు ఒలిచి పెడుతూ నాతో పెట్టెలు లెక్కబెట్టించావు. ఈ జబ్బు అంటించింది నువ్వే, అనుభవించు.

ఇంకో వింత. ఆ ఆకుపచ్చ రైలుకు, దానికంటే బక్కగా ఉన్న ఎర్ర రైలు ఒకటి జత కట్టి ఉంది. దాని పేరు కొమాచీ, అందగత్తె అని అర్థమట. రెండు వేరువేరు రైళ్ళు జోడుగా వస్తాయి. స్టేషన్లో వాటిని చూస్తూ నోరు తెరిచి నిలబడితే, ఒక పెద్దావిడ నాకు ఒంట్లో బాగాలేదనుకుని మంచినీళ్ళ సీసా ఇచ్చింది.

ఊరు చెట్ల ఊరు. నడిరోడ్డు మీద కెయాకి అనే చెట్లు రెండు వైపుల నుంచీ కొమ్మలు కలిపి పందిరి వేశాయి. కింద నడుస్తుంటే ఎండ చిల్లర నాణేల్లా రాలుతుంది. అక్కడ నలభై మూడు డిగ్రీల్లో మిషను తొక్కుతున్న నీకు ఇది రాయడం పాపమే, అయినా రాస్తున్నాను.

పేరున్న వంటకం ఏమిటో తెలుసా? ఎద్దు నాలుక. నిప్పుల మీద కాల్చి వడ్డిస్తారు. అమ్మ కట్టిచ్చిన జొన్నరొట్టెలే నాకు గతి.

ఇక అసలు సంగతి. నరసింహ మామ రేపు మనింటికి వస్తానన్నాడు కదా. నేను యాడికి పోయినానని అడిగితే, మిల్లులో పత్తి పని లేని రోజులు చూసుకుని, దాచుకున్న డబ్బుతో రైళ్ళు చూడ్డానికి పోయినాడని ఉన్నదున్నట్టు చెప్పు. మౌనిక నన్ను చేసుకుంటానంది. వాళ్ళ నాయన, అదే మామ, ఇంకా అనలేదు. మిగిలిన రైళ్ళన్నీ ఒక ఎత్తు, ఈ ఒక్క సిగ్నల్ ఒక ఎత్తు.

పట్టాల మీద నిలబడ్డ,
తమ్ముడు


ఎమ్మిగనూరు
16 మే, మంగళవారం

ఒరే సుధా,

ఆ చెట్ల వర్ణన చదివి కుట్టిన జాకెట్టే మళ్ళీ విప్పాను, కుట్టు తప్పిపోయింది. ఇంకోసారి చల్లగాలి అని రాస్తే నీ పెళ్ళి చొక్కా బొత్తాలు లేకుండా కుడతాను.

నరసింహ మామ వచ్చాడు. ఎద్దుల బేరగాడు ఇంటికొస్తే ఎట్లా ఉంటుందో నీకు తెలీదు. గుమ్మం చూశాడు, గోడలు చూశాడు, నన్ను నడిపించి చూశాడు. నీళ్ళిస్తే గ్లాసు కూడా తిప్పి చూశాడు. నాకైతే ఒక్క క్షణం నోరు తెరిచి పండ్లు చూపించమంటాడేమో అనిపించింది.

"యాడమ్మా మీ తమ్ముడు?" అన్నాడు.

"జపాన్ పోయినాడు మామా."

"జపాన్‌కు యాంటికి?"

నోటిదాకా వచ్చిందిరా, 'రైళ్ళు చూడ్డానికి' అని. కానీ ఆ మీసాలు చూశాక అది బయటికి రాలేదు. "రైల్వే పని మీద" అన్నాను. నిజమే కదా. రైలు ఉంది, పని ఉంది, మధ్యలో నువ్వున్నావు.

ఆయన మొహం విచ్చుకుంది. "రైల్వే పనా!" అంటూ టీ మొత్తం తాగాడు. సంతోషం పట్టలేక నీ ఎర్ర, ఆకుపచ్చ జోడు సంగతి కూడా చెప్పాను. అంతే, కుర్చీ ముందుకు జరుపుకున్నాడు.

"జోడంటావు కదా, ఏది దాపల, ఏది వలపల?"

అంటే కాడికి ఎడమ పక్క ఏది, కుడి పక్క ఏది అని. నాకేం తెలుసు? "ఎర్రది దాపల" అన్నాను. ఆయన తల ఊపాడు. రాసి పంపు, అబద్ధమైతే సర్దుకుంటాను.

ఇంకో చిన్న సంగతి. పోతూ పోతూ ఆయన అంజినమ్మ బండి దగ్గర బొరుగుల వగ్గాని తిన్నాడట. తింటూ ఏమన్నాడో గాని, సాయంత్రానికి అంజినమ్మ మనింటికి వచ్చి, "మల్లీ, మన ఊరికి రైలు తెచ్చేదానికి సుధాకరు జపాన్ పోయినాడంట గదమ్మా? టేషన్ గేటు కాడ నా బండికి ఇంత జాగా సెప్పి పెట్టు" అంది. పొద్దున ఇంకో పెద్దమనిషి వచ్చి, పట్టాలు తన చేను మీదుగా పోతాయా, పక్కవాడి చేను మీదుగానా అని అడిగాడు. పక్కవాడిదే అన్నాను. దిగులుగా పోయాడు.

కంగారు పడకు. ఊరంతా నీకు అనుకూలంగా ఉంది.

అక్క


సెండాయ్
17 మే, బుధవారం

రాయలసీమ రైల్వే శాఖామాత్యులు మల్లేశ్వరి గారికి,

నీ ఉత్తరం చదువుతుండగా నా చేతిలోని ఐస్‌క్రీం కరిగి చొక్కా మీద పడింది. ఒక పోలీసాయన వచ్చి కాగితం రుమాలు ఇచ్చి వంగి నమస్కారం చేశాడు. ఇంత మర్యాద ఉన్న ఊళ్ళో నేను ఏడవడానికి కూడా వీల్లేదు.

అక్కా, ఏం చేశావే? ఎన్నో ఏళ్ళుగా సర్వే రాళ్ళు చూసి మోసపోయిన ఊరు అది. ఆ ఊరికి నేను రైలు తెస్తున్నానా? నా దగ్గర ఉన్నది ఒక రైలు పాసు, రెండు జతల బట్టలు, సగం కారప్పొడి సీసా. మామ సంగతి నీకు తెలీదా? సంతలో ఆయనది ఒకటే కట్టుబాటు. కుంటిదైనా, పొడిచేదైనా చెప్పి అమ్మితే బేరం నిలబడుతుంది. దాచి అమ్మితే ఆ మనిషితో జన్మలో చెయ్యి కలపడు. ఇది నాకు మౌనికే చెప్పింది. ఆ ఇంట్లోకి నన్ను, చెడ్డ సుడి దాచి అమ్మే ఎద్దులా తోలుతున్నావు.

రేపు సాయంత్రం అక్కడి టైము ఐదింటికి ఫోన్ చేస్తాను. అమ్మ గుడికి పోయి ఉంటుంది. నువ్వే ఎత్తు. చెవికి పెట్టుకో. చెవి అంటే తలకు రెండు పక్కలా ఉంటుంది.

ఈ రోజు ఏమీ చూడలేదు. చెట్ల కింద కూర్చుని, నువ్వు చెప్పిన మాటలు ఎన్ని ఊళ్ళు దాటి ఉంటాయో ఆలోచించాను. బహుశా నందవరం చేరి ఉంటాయి. ఈ దేశపు రైళ్ళకు కూడా అంత వేగం లేదు.

తమ్ముడు


ఎమ్మిగనూరు
19 మే, శుక్రవారం

సుధా,

మునిగిపోయాం.

నిన్న ఐదింటికి అమ్మ గుడికి పోలేదు. నరసింహ మామ వచ్చాడని ఉండిపోయింది. ఆయన వెంట సంతలో పేరున్న బేరగాళ్ళు ఇద్దరు. రైలు తెచ్చే అల్లుణ్ణి కన్న ఇల్లు చూపిస్తానని పిలుచుకొచ్చాడు. నేను లోపల బజ్జీలు వేస్తున్నాను, చేతినిండా పిండి. ఫోన్ మోగింది. అమ్మ ఎత్తింది. ఎత్తితే ఏం చేస్తుందో నీకు తెలుసు.

ఆ తరువాత నీ గొంతు మనింట్లో ఎట్లా మోగిందో వినలేదు కాబట్టి చెబుతున్నాను:

"అక్కా, రైల్వే పని అని ఎందుకు చెప్పినావే? నాకు ఈడ పనీ లేదు పాటా లేదు, ఉత్త రైళ్ళు సూడ్డానికే వచ్చినా. ఆ మామకు ఎద్దులు తప్ప లోకంలో ఏం తెలుసు? ఈ ఊళ్ళో ఎద్దు నాలిక కాల్చుకొని తింటారని మాత్రం ఆయనకు సెప్పలేదు కదా?"

నేను వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చేసరికి ముగ్గురు బేరగాళ్ళూ ఫోన్ వైపు చూస్తున్నారు. అమ్మ "సుధా, బాగుండావా నాయనా, తింటాండావా?" అని అడుగుతోంది.

మామ గ్లాసు కింద పెట్టాడు. అరవలేదు. అరిచినా బాగుండేది. "మంచిదమ్మా" అని లేచి చెప్పులేసుకున్నాడు. వెంట వచ్చినవాళ్ళ ముందు ఆ మనిషి మొహం చూడలేకపోయాను. బజ్జీలు మాడిపోయాయి.

రాత్రి మౌనిక ఫోన్ చేసింది. ఏడవలేదు. "నాయన అన్నం తినలేదు వదినా. నాలుగు రోజులాగి మాట్లాడతా" అంది.

తప్పు నాది. కానీ నువ్వు ఆ నాలుక మాట అనాల్సింది కాదురా.

అక్క


సెండాయ్
20 మే, శనివారం

అక్కా,

ఈసారి బిరుదులు లేవు.

నిన్న ఆ చెట్ల దారిలో ఈ చివర నుంచి ఆ చివరకు ఎన్నిసార్లు నడిచానో. దుకాణం వాళ్ళు నన్ను వీధి శుభ్రం చేసే మనిషనుకుని నమస్కారం పెట్టడం మొదలుపెట్టారు.

మామను నలుగురిలో చిన్నబుచ్చాం. రేపు సంత రోజు. నువ్వే పో. పోయి ఆయన ముందు నిలబడి నా మాటగా చెప్పు: నేను రైలు తేవడానికి రాలేదు, చూడ్డానికే వచ్చాను, మళ్ళీ వీలైతే మళ్ళీ వస్తాను. ఈ పిచ్చి పోయేది కాదు. పెళ్ళయ్యాక మానేస్తానని మాట ఇవ్వలేను. తెలిసి ఇస్తే ఇవ్వమను, లేదంటే మౌనికను నేను అడగను. ఆయన కట్టుబాటు ప్రకారమే చెబుతున్నాను.

ఎద్దు నాలుక నేను తినలేదని కూడా చెప్పు. ఆ ఒక్క విషయంలో జొన్నరొట్టె సాక్షి.

సుధా


ఎమ్మిగనూరు
21 మే, ఆదివారం రాత్రి

ఒరే తమ్ముడూ,

కూర్చుని చదువు.

పొద్దున్నే సంతకు పోయాను. ఆడవాళ్ళు అటువైపు పోరు కదా, ఎద్దులు కూడా తల తిప్పి చూశాయి. మామ ఒక రైతుతో బేరంలో ఉన్నాడు. ఇద్దరి చేతుల మీద టవాలు కప్పి ఉంది. కింద వేళ్ళు మాట్లాడుకుంటున్నాయి, పైన మొహాలు మాత్రం ఆకాశం చూస్తున్నాయి. బేరం అయ్యేదాకా నిలబడ్డాను. తరువాత నువ్వు చెప్పిందంతా చెప్పేశాను, ఒక్క ముక్క తగ్గించకుండా. పక్కన నలుగురు వింటున్నారు. వినాలనే గట్టిగా చెప్పాను.

మామ మీసం దువ్వుకున్నాడు. "ఉత్తగ సూడ్డానికే? కొనేది ల్యా, అమ్మేది ల్యా?"

"ల్యా మామా."

"అంత దూరం ఉత్తగ సూడ్డానికి యెవరన్నా పోతారామ్మా?"

అప్పుడు వెనక నుంచి గొంతు వినిపించింది. మౌనిక! నాయనకు సద్ది తెచ్చింది. క్యారియర్ దింపి, "నువ్వు పోలేదా నాయనా?" అంది. "కన్నడ సీమలో యాడనో తెల్ల జోడు ఉండాదని మూడు బస్సులు మారి పోలేదా? కొన్న్యావా? అమ్మిన్యావా? వచ్చినాక నెల దినాలు ఆ ఎద్దుల మాటే సెప్తివి. అమ్మ తిడతాంటే, 'సూసే భాగ్యం నీకేం తెలుసే' అంటివి."

చుట్టూ ఉన్న బేరగాళ్ళు నవ్వారు. మామకు నవ్వు రాలేదు గాని, నవ్వు వచ్చే దారిలో ఏదో కదిలింది.

"నా దిగులు అది కాదు పాపా. సూసేవోడు దేశాలు పట్టి పోతాడు. ఇంటికాడ ఆడది గడప పట్టుకొని కూసుంటాది. మీ అమ్మ కూసున్యాది."

"నేను కూసోను. నేనూ పోతా" అంది మౌనిక.

అక్క మాటగా చెబుతున్నా, ఈ పిల్ల మనింటికి రాకపోతే నష్టం మనకే.

మామ పక్కనున్న ఎద్దు మెడ నిమిరాడు. ఆఖరికి నాతో అన్నాడు: "సూడమ్మా, సూసేవోడని సెప్పుకుంటే సాలదు. సగం సూసి వచ్చేవోడు పోరంబోకు. పూర్తిగ సూసి వచ్చేవోడే సూసేవోడు. ఆ రెండు రైళ్ళకు జోడు యట్ల కడతారో కండ్లార సూసి నాకు సెప్పమను. కాడి యాడ ఉంటాది? ఏది దాపల, ఏది వలపల? ఎర్రది బక్కదంటివే, సమంగ లాగుతాదా, యెనకాల తిని పండుకుంటాదా? సూసి సెప్తే మాట్లాడదాం. సూడకుండ కత సెప్పినాడంటే నాకు తెలుస్తాది. ఎద్దు దగ్గినా నాకు తెలుస్తాది."

పోరా. చూసిరా.

అక్క


మొరియొకా స్టేషన్, ప్లాట్‌ఫారం
23 మే, మంగళవారం

అక్కకు, అక్క ద్వారా ఎమ్మిగనూరు ఎద్దుల సంత మహాసభకు,

జోడు కట్టేది సెండాయ్‌లో కాదట. ఉత్తరాన మొరియొకాలో. నా పాసు గడువు ఈ రోజుతో సరి. ఈ రోజుకు నేను వేరే కల దాచుకున్నాను: సెండాయ్ నుంచి అడవి లోయలోకి పోయే చిన్న రైల్లో డ్రైవరు వెనక అద్దానికి ముక్కు ఆనించి నిలబడటం. ఆకుల్లోంచి సొరంగంలోకి, సొరంగంలోంచి ఆకుల్లోకి. ఈ దేశానికి బయలుదేరిందే సగం దానికోసం. పొద్దున స్టేషన్లో ఆ రైలు తలుపులు తెరుచుకుని నిలబడింది. దానికో నమస్కారం పెట్టి, ఉత్తరానికి పోయే బుల్లెట్ రైలు ఎక్కాను.

మొదటిసారి తప్పిపోయాను. మన బుద్ధి ఎక్కడికి పోతుంది? కాడి ముందే ఉంటుంది కదా అని ప్లాట్‌ఫారం ముందు చివర పోయి నిలబడ్డాను. జోడు కట్టేది నడిమధ్యలో. జనం అటు పరుగెడుతుంటే నాకు అర్థమై పరుగెత్తాను. రైలు ఎంత పొడవంటే, నేను చేరేలోపల అంతా అయిపోయి, తలుపులు మూసుకుని వెళ్ళిపోయింది. నేను మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, రొప్పుతూ, ఖాళీ పట్టాలు చూశాను. ఇది కూడా మామకు చదివి వినిపించు.

తరువాతి జోడు కోసం కదలకుండా అక్కడే నిలబడ్డాను. పక్కన కెమెరా మెళ్ళో వేసుకున్న ముసలాయన ఒకాయన, నా జాతివాడే. భాష కలవలేదు. నేను రెండు పిడికిళ్ళు ఎదురెదురుగా పెట్టి చూపించాను. ఆయన కండ్లు వెలిగాయి. నా భుజాలు పట్టుకుని రెండడుగులు పక్కకు జరిపి, "ఇక్కడ" అన్నట్టు నేల చూపించాడు.

మామా, ఇక విను.

ముందుగా ఆకుపచ్చది వచ్చి ఆగింది. దాని వెనక ముక్కు రెండుగా విచ్చుకుంది. లోపల నల్లటి ఇనుప కొక్కెం. కొంతసేపటికి వెనక నుంచి ఎర్రది వచ్చింది. దూకుతూ కాదు, కొత్త కోడెను పాత ఎద్దు దగ్గరికి తెచ్చినట్టు, అడుగులో అడుగేస్తూ. కొంత దూరంలో ఆగింది. అదీ ముక్కు విప్పింది. రైల్వే మనిషి ఒకాయన తెల్ల గ్లౌజు వేసుకున్న చెయ్యి చాపి, వేలు పెట్టి ఒక్కొక్కటీ చూపిస్తూ, పైకే చెబుతూ సరిచూసుకున్నాడు. ఇక్కడి పద్ధతి అంతే. టవాలు కింద ఏమీ లేదు, వేలు నలుగురికీ కనిపించాల్సిందే. తరువాత ఎర్రది మళ్ళీ కదిలింది. ఇంత. ఇంకొంచెం. కుండ మీద మూత పెట్టినంత చప్పుడు. అంతే.

తాడు లేదు, మోకు లేదు, సుత్తి లేదు. కాబట్టి కాడి బయట కనపడదు, రెండింటి ముక్కుల్లోనే ఉంది. దాపల లేదు, వలపల లేదు. పక్కపక్కన కాదు, ముందొకటి వెనకొకటి. మా అక్క చెప్పిన దాపల శుద్ధ అబద్ధం. ముందున్న ఒక్కడు తోలితే రెండూ కదులుతాయి, ఒక్కడు ఆపితే రెండూ ఆగుతాయి.

బక్కదా అన్నావు. బక్కదే. ఎర్రది కొండల్లో ఇరుకు దారిలోంచి వస్తుంది, అందుకని సన్నం. ప్లాట్‌ఫారానికి అందదు కాబట్టి తలుపు కింద నుంచి మెట్టు ఒకటి బయటికి చాపుకుంటుంది. కానీ తిని పండుకోదు మామా. దాని మోటర్లు దానికే ఉన్నాయి. ఆకుపచ్చదానితో సమంగా లాగుతుంది. ఎవరూ దాన్ని ఈడ్చుకుపోవడం లేదు.

ముసలాయన నా చెయ్యి ఊపి ఊపి వదిలాడు. ఇద్దరం ఏడ్చినట్టున్నాం. గాలి ఎక్కువగా ఉంది, కచ్చితంగా చెప్పలేను.

పూర్తిగా చూశాను.

సుధాకర్


ఎమ్మిగనూరు
28 మే, ఆదివారం

నేతగాళ్ళ వీధి గర్వం, వేరుశనగకాయల మీద పెరిగిన మా సుధాకరునికి,

ఉత్తరం ఫోన్లో చూపిస్తే మామ ఒప్పుకోలేదు. "సంతలో సెప్పిన మాటకు జవాబు సంతలోనే" అన్నాడు. కాబట్టి ఈ పొద్దు ఎద్దుల మధ్య నిలబడి, గొంతెత్తి చదివాను. అమ్మ కూడా వచ్చింది. స్పీకర్ లేనందుకు బాధపడుతూ నా పక్కనే చెవి పెట్టింది.

నువ్వు ప్లాట్‌ఫారం తప్పు చివర నిలబడ్డావని చదివినప్పుడు బేరగాళ్ళంతా విరగబడి నవ్వారు. మామ నవ్వలేదు. "నేనైనా ఆడనే నిలబడుందును" అన్నాడు.

ముక్కుకు ముక్కు అన్నచోట ఆపమన్నాడు. మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి కూడా చదివించుకుని, తన ఎద్దు మూతి పట్టుకుని చూసుకున్నాడు. "ఎద్దులు ముక్కుకు ముక్కు పెడితే కొట్లాట. వీళ్ళు దాన్ని జోడు సేసినారు సూడప్పా!" అని పక్కవాడి వీపు మీద చరిచాడు. పక్కవాడు ఇంకా వీపు రుద్దుకుంటున్నాడు.

ఎర్రది తలుపు కింద మెట్టు చాపుకుంటుందని చదివితే మౌనిక వంక చూశాడు. మౌనిక క్యారియర్ సంచిలోంచి పాస్‌పోర్ట్ అప్లికేషన్ రసీదు తీసి ఆయన జేబులో పెట్టింది. అది చూసి నేను ఏడ్చాను. గాలి లేదు, కచ్చితంగానే చెబుతున్నాను.

ఇంక రైలు సంగతి. ఊళ్ళోకి రైలు రాదని అందరికీ నేనే చెప్పాను, తిట్లు కూడా నేనే తిన్నాను. అంజినమ్మ మాత్రం, "రైలు రాకుంటే మానె. దాన్ని సూసినోడు వస్తాండాడు గదా, ఆదోనికి పోయి ఎదురుకొందాం పదండి" అని పది మందిని కూడేసింది. నువ్వు దిగే రోజు ఆదోని స్టేషన్లో వగ్గాని, బజ్జీ ఊరికే పెడుతుందట. మామ తన మంచి జోడును బండికి కట్టి స్టేషన్ బయట నిలబెడతానన్నాడు. ఏది దాపల, ఏది వలపల అని దిగగానే అడుగుతాడు. ఇక్కడ తప్పు చెబితే నేను ఆదుకోలేను.

అసలు చెప్పాల్సింది ఆఖరుకు మిగిలింది.

చదవడం అయ్యాక మామ నా ముందుకొచ్చి, భుజం మీది టవాలు తీశాడు. "మీ ఇంటికి పెద్ద బిడ్డవు నువ్వే కదమ్మా, చెయ్యి ఇట్ల తే" అన్నాడు. సంత సంతంతా ఆగిపోయింది. నేను చెయ్యి చాపాను. టవాలు కప్పాడు. కింద నా అరచేతిలో మూడు వేళ్ళు నొక్కాడు: మూడు నెలలకు లగ్గం. నేను ఆకాశం చూస్తూ ఒక్క వేలు నొక్కాను. ఆయన గొణిగాడు, "ఆడపిల్ల తండ్రినమ్మా, కొంచెం ఊపిరి తీసుకోనీ" అని. నేను వదల్లేదు. ఆయన తలూపి రెండు నొక్కాడు. నేను చెయ్యి గట్టిగా పట్టేశాను.

మామ టవాలు లాగి గాల్లో తిప్పి అరిచాడు, ఆ చివర కట్టేసిన ఎద్దులు కూడా లేచి నిలబడేటట్టు:

"కుదిరె!"

ఎమ్మిగనూరు సంతలో టవాలు కింద చెయ్యి పెట్టి బేరం గెలిచిన మొదటి ఆడది,
మీ అక్క మల్లేశ్వరి